మూలన ఉండే పేరు

మా బాబాయి పోయాడన్న కబురు నాకు వేరే మనిషి పేరు మీద వచ్చింది. మస్కట్ పక్కన మబేలాలో ఆయన పనిచేసే డిష్ షాపు నుంచి ఒకాయన ఫోన్ చేసి ఒక పేరు చెప్పి, "పొద్దున షట్టర్ తీస్తూ పడిపోయారు సిస్టర్, హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది" అన్నాడు. ఆ పేరు నేనెరిగిందే అయినా ఆ క్షణాన బాబాయికి అతకలేదు, "ఎవరండీ ఆయన?" అని అడిగాను. "మీ బాబాయేనండీ" అన్నాడు అవతలాయన, నాకు మతి పోయిందేమో అన్నట్టు. అప్పటికి నేను డ్యూటీలో ఉన్నాను. చేతిలో మందుల ట్రే పక్కన పెట్టి స్టూలు మీద కూలబడ్డాను.

సొంత బాబాయి పేరు తెలియదా అని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. నాకైతే ఆయన మీద ఏళ్ళ తరబడి అనుమానమే. అనుమానపడ్డందుకు నేనేమీ చింతించడం లేదు, ఎందుకంటే అనుమానపడటం నాకు నేర్పినవాడే ఆయన. ఎవరు ఏ వార్త మోసుకొచ్చినా "ఎవరు చెప్పారు? ఆ చెప్పినోడికి ఎవరు చెప్పారు?" అనేవాడు. ఈ రెండు ప్రశ్నలకి నిలబడిన వార్త నా ఎరుకలో చాలా తక్కువ.

బాబాయి అంటే మా అమ్మ చెల్లెలి భర్త. మాది గోదావరి పక్క ఊరు. అక్కడ కొబ్బరి చెట్ల మీదుగా తీగలు లాగి మొదటిసారి ఇంటింటికీ కేబుల్ టీవీ ఇచ్చినవాడు ఆయనే. కొన్నాళ్ళకి టౌను నుంచి పెద్దవాళ్ళొచ్చి ఆ తీగలన్నీ కలిపేసుకున్నారు. ఆ తర్వాతే ఆయన ఒమాన్ వచ్చాడు. ఇరవై ఏళ్ళు ఇక్కడి మేడల మీద డిష్‌లు బిగించాడు. నేను నర్సుగా వచ్చేనాటికి ఆయన పాతకాపు. ఎయిర్‌పోర్టు బయట నన్ను చూడగానే కుశలం అడగలేదు. "ఆ టాక్సీవాడికి అడ్రసు ఎందుకు చెప్పావే? వాడెవడు?" అని తిట్టాడు. పిల్లల్లేరు ఆయనకి. నేనే కూతుర్ని.

ఆయన టీవీ చూసే పద్ధతి వేరు. ఛానెల్ పెట్టగానే బొటనవేలితో తెర మూలన ఉండే పేరు మీద కొట్టేవాడు. "ముందు మూల చూడు అమ్మడూ, తర్వాత మొహం చూడు" అనేవాడు. మొహాలు అందరివీ బాగానే ఉంటాయట, ఎవరి తరఫున మాట్లాడుతున్నారో మూలన రాసుంటుందట. ఈ సూత్రం టీవీ దగ్గర ఆగలేదు. పాల ప్యాకెట్టు కొన్నా, ఎవరైనా కరపత్రం ఇచ్చినా, పెళ్ళి సంబంధాల ఫోటో వచ్చినా మూలలు వెతికేవాడు. నాకొచ్చిన ఒక సంబంధం ఫోటో మూలన స్టూడియో పేరు చూసి, "ఈ స్టూడియో మూసేసి చాలా కాలమైంది, ఈ అబ్బాయి ఇప్పుడిలా ఉండడు" అన్నాడు. ఆయ్, నిజమే అయింది! నెత్తి మీద వెంట్రుకలే లేవు ఆ మహానుభావుడికి.

మరి ఇంత ఆరా తీసే మనిషి తన గురించి మాత్రం నోరు విప్పడు. అక్కడే నాకు తేడా కొట్టింది. షాపులో పేరు పెట్టి పిలిస్తే మొదటిసారి పలికేవాడు కాదు. రెండోసారి ఉలిక్కిపడి తిరిగేవాడు. చెవుడేమో అనుకుని మా హాస్పిటల్లో పరీక్ష చేయిస్తానంటే ససేమిరా రానన్నాడు. క్రిస్మస్ కూడికకి ఎంబసీ నుంచి ఎవరో పెద్దలు వస్తున్నారంటే ఆ పూటే ఆయనకి జ్వరం. వాళ్ళ కారు వెళ్ళగానే జ్వరం తగ్గి బిర్యానీకి హాజరు.

అన్నిటికన్నా పెద్ద అనుమానం సాక్ష్యం దగ్గర. మా తెలుగువాళ్ళ శుక్రవారం కూడికలో పాటలయ్యాక ఎవరో ఒకరు లేస్తారు. ముందు తన పేరు, ఊరు చెప్పి, దేవుడు తనకి చేసిన మేలు చెబుతారు. దాన్ని సాక్ష్యం చెప్పడం అంటాం. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలు కూడా చెబుతారు. ఇరవై ఏళ్ళలో బాబాయి ఒక్కసారీ లేవలేదు. కుర్చీలు సర్దేవాడు, మైకు బాగుచేసేవాడు, తన వంతు వచ్చేసరికి వైర్లు చూడాలని బయటికి పోయేవాడు. "మీ బాబాయిగారు ఇంకా ప్రభువుని నమ్ముకుని రక్షణలోకి రాలేదేమో సిస్టర్" అని ఒకావిడ నాతో జాలిగా అనేది. నాకు ఒళ్ళు మండేది. కానీ లోపల నాకూ అదే సందేహం. ఏం దాస్తున్నాడు ఈ మనిషి?

దీనికి తోడు పోర్చుగల్ ఛానెల్ ఒకటి.

షాపు వెనక ఆయన రూమ్. అందులో పాత టీవీ. ఎప్పుడు వెళ్ళినా పోర్చుగల్ వార్తలు. ఒక్క ముక్క అర్థం కాదు కదా, ఎందుకు బాబాయ్ అంటే, "అర్థం కాని భాషలో అబద్ధం దొరికిపోద్ది అమ్మడూ. మాట వినపడదు కాబట్టి మొహమే చూస్తాం" అనేవాడు. ఇంకోసారి అడిగితే, "మస్కట్ కొండల మీద కోటలు కట్టినోళ్ళు వీళ్ళే. మళ్ళీ వస్తారేమో అని ఓ కన్నేసి ఉంచాను" అన్నాడు, నవ్వకుండా. కూడికలో మాత్రం వేరే కథ పుట్టింది. బాబాయికి పోర్చుగల్ ఆవిడ ఎవరో ఉందట. ఎవరు చెప్పారు, ఆ చెప్పినవాళ్ళకి ఎవరు చెప్పారు అని నేను అడిగాను. తేలలేదు. కానీ నిప్పు నా గుండెలో పడింది. ఊళ్ళో పిన్ని ఒక్కతీ ఉంది మరి.

ఒకరోజు నిలదీశాను. "ఆవిడెవరు?"

"ఏ ఆవిడే?"

"పోర్చుగల్ ఆవిడ."

"ఆవిడా! పోయింది పాపం. మీ అమ్మమ్మ కన్నా పెద్దది" అన్నాడు.

ఉన్న సంగతి ఇది. మబేలా పక్కన అల్ ఖౌద్‌లో ఒక విల్లాలో పోర్చుగల్ ఇంజనీరు కుటుంబం ఉండేది. ఆ ఇంజనీరు తల్లి కొడుకు దగ్గర ఉందామని వచ్చి, తన ఊరి వార్తలు లేక దిగులు పెట్టుకుంది. ఆ దేశం వాళ్ళు పరాయి దేశాల్లో ఉన్న తమవాళ్ళ కోసం ఒక ఛానెల్ ఆకాశంలోకి వదులుతారు. ఆవిడకి కావలసిన కేబుల్ వార్తల ఛానెల్ అందులో కొన్ని గంటలు వస్తుంది. దానికోసం బాబాయి పెద్ద డిష్ బిగించాడు. గాలికి డిష్ కదిలినప్పుడల్లా వెళ్ళి తిప్పేవాడు. ఆవిడకీ ఇంగ్లీషు అంతంతమాత్రం, ఈయనకీ అంతంతమాత్రం, అందుకే కుదిరింది. ఆవిడ బీరువా చూపించి వాళ్ళ మాటలో పేరు చెబితే అది మన అలమారలా వినిపించిందట. తువ్వాలు, బొత్తాం కూడా అలాగే. "మన మాటలన్నీ ఓడలో వేసుకుపోయారు దొంగలు" అని బాబాయి తీర్మానం. ఎవరి మాటలు ఎవరు తీసుకున్నారో నాకు తెలుసు గానీ, చెప్పి గొడవ పెట్టుకోలేదు.

ఆ ఛానెల్ చరిత్ర ఆవిడే ఈయనకి చెప్పింది. రామాయణం చెప్పినట్టు చెప్పేవాడు బాబాయి నాకు. ఆ దేశానికి ఉత్తరాన, ఆవిడ సొంత ఊళ్ళో పుట్టిందట అది. రాజధాని వాళ్ళని నమ్ముకోకుండా మన వార్త మనమే చెప్పుకుందాం అని మొదలుపెట్టారట. ఆవిడ మొగుడు అందులో లైట్లు పట్టేవాడు. చిన్న స్టూడియో, ఇంటింటికీ తీగ. "అచ్చం మన ఊరి కేబుల్‌లాగే" అనేవాడు బాబాయి, ఆ మాట దగ్గర గొంతు కొంచెం సాగదీసి. కొన్నేళ్ళకి ప్రభుత్వం వారి పెద్ద టీవీ దాన్ని తనలో కలుపుకుంది. పాత పేరు పోయింది. పెద్ద టీవీ పేరుకి తోకలా ఒక అక్షరం తగిలించారు. ఇంకొన్నేళ్ళకి ఆ అక్షరం తీసి, సమాచారం అనే అర్థం వచ్చే మాట పెట్టారు. వార్త చదివేవాళ్ళు వాళ్ళే, కుర్చీలు వాళ్ళవే, మూలన పేరు మాత్రం మారుతూ వచ్చింది. ముసలావిడ మాత్రం మొదటి పేరుతోనే పిలిచేదట. కొడుకు సరిదిద్దితే కసిరేదట. "నా మొగుడు లైటు పట్టింది ఆ పేరుకి" అనేదట.

ఆవిడ తన దేశం వెళ్ళాక చనిపోయిందని ఇంజనీరు చెప్పాడు. ఆ కుటుంబం కూడా విల్లా ఖాళీ చేసేటప్పుడు డిష్‌ని బాబాయికే వదిలేసింది. ఆయన దాన్ని షాపు మేడ మీద పెట్టాడు. ఇంతే కథ. ఇంతేనా అని నాకు మళ్ళీ అనుమానం. ఒక ఛానెల్ పేర్లు మారితే ఈయనకి అంత బాధ ఎందుకు?

ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "డ్యూటీ అయ్యాక రా అమ్మడూ. ఈ సాయంత్రం వాళ్ళ పేరు మళ్ళీ మారుతోంది" అన్నాడు, చుట్టాలింట్లో పెళ్ళికి పిలిచినట్టు. నేను వేరుశనగ పచ్చడి తీసుకెళ్ళాను, ఆయన ఇక్కడి ఖుబూస్ రొట్టె తెచ్చి ఉంచాడు. తింటూ కూర్చున్నాం. ఈసారి పేరు చివర మాట తీసేసి అంకె పెడుతున్నారట. "పేరు పోయి నంబరొచ్చింది, జైల్లోలాగ" అని గొణిగాడు.

తర్వాత తెర మీద పాత బొమ్మలు వచ్చాయి. చిన్న స్టూడియో, అప్పటి కుర్రమొహాలు, మూలన మొదటి పేరు. ఆ తర్వాత రెండోది. ఆ తర్వాత మూడోది. అన్నీ వరసగా చూపించి, కొత్తది పెట్టి, అందరూ చప్పట్లు కొట్టారు. నేను బాబాయి వైపు తిరిగేసరికి ఆయన చేతిలో ఖుబూస్ ముక్క అలాగే ఉంది. ఏడుస్తున్నాడు.

"చూశావా? ఒక్కటీ దాచలేదు. మేం ముందు ఫలానా అని అందరి ముందూ చెప్పేశారు" అన్నాడు.

"ఏమైంది బాబాయ్?"

"నా పేరు తెలుసా నీకు?"

షాపులో పిలిచే పేరు చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

"అది మా అన్న పేరు."

వాళ్ళ అన్నకి ఒమాన్ వీసా వచ్చిందట. బయల్దేరాల్సిన వారంలోనే జ్వరమొచ్చి చనిపోయాడు. కేబుల్ పోయి బాబాయి ఖాళీగా ఉన్నాడు. ఏజెంటు వచ్చి, అన్నదమ్ములు ఒకేలా ఉంటారు, ఎవడు చూస్తాడు, వాడి పాస్‌పోర్టు మీదే పంపించెయ్యండి అన్నాడు. వాళ్ళమ్మ ఒక కొడుకుని పూడ్చి వచ్చి, ఇంకో కొడుక్కి వాడి చొక్కా తొడిగి పంపింది. రెండేళ్ళలో వచ్చేద్దాం అనుకున్నాడు. ఆ పేరు మీదే కార్డు, ఆ పేరు మీదే లైసెన్సు, ఆ పేరు మీదే ఇరవై ఏళ్ళు.

నాకు కోపం వచ్చింది, భయం వచ్చింది, ఏది ముందు అనాలో తెలియలేదు. "పిన్నికి తెలుసా?" అన్నాను.

"తెలియకపోవడమేంటే! దాని దగ్గరే నా ధైర్యమంతా. దాని నోట నా పేరు ఎప్పుడూ రాదు కదా, పొరపాటున జారేదే లేదు."

నిజమే. పిన్ని పాతకాలం మనిషి, భర్త పేరు పలకదు. ఏవండీ, మావారు, అంతే. వాళ్ళమ్మ ఆయన్ని చిన్నోడా అనేది. మేమంతా బాబాయి అన్నాం. ఊళ్ళోవాళ్ళకి కేబులాయన. ఇక్కడివాళ్ళు అన్న పేరుతో పిలిచారు. అంటే ఆయన సొంత పేరు పలికే మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ మిగల్లేదు.

"అయితే నీ పేరేంటి బాబాయ్?" అన్నాను.

లేచి వెళ్ళి తలుపు గడియ వేసి వచ్చాడు. అప్పుడు చెప్పాడు, చిన్నగా. పాత చొక్కా తొడుక్కుని ఇంకా పడుతుందా అని చూసుకునేవాడిలా ఉంది మొహం.

"నేను సాక్ష్యం చెప్పాలమ్మడూ" అన్నాడు తర్వాత. "నాకు కోరికంటూ ఇదొక్కటే. లేచి నిలబడగానే ముందు పేరు చెప్పాలి. దేవుడి ముందు అన్న పేరు చెప్పలేను. నా పేరు చెబితే అది ఆ సాక్ష్యం కాదు, పోలీసుల సాక్ష్యం అయిపోద్ది. అందుకే వైర్లు చూసుకుంటా తిరిగాను."

ఇరవై ఏళ్ళ వైర్లు! ఆ జాలి సిస్టర్ని పిలిచి వినిపించాలనిపించింది. కానీ నేను నర్సుని, ముందు ప్రాణం నిలబెట్టేది చూడాలి. "ఇక్కడొద్దు. పని మానేసి ఊరెళ్ళిపో. మన మందిరంలో, మన వాళ్ళ ముందు లేచి చెప్పు" అన్నాను. ఒప్పుకున్నాడు. ఈస్టర్ అయ్యాక వెళ్ళిపోతానని షాపు యజమానికి చెప్పేశాడు కూడా. ఆ నెలల్లో ఆయన్ని చూస్తే నాకే ముచ్చటేసేది. నా ముందు సాక్ష్యం వల్లె వేసేవాడు. మొదటి వాక్యం, పేరు, దాన్ని మాత్రం పెదాలతోనే అనేవాడు, శబ్దం లేకుండా. "అది ఊళ్ళో" అని కన్ను కొట్టేవాడు.

ఈస్టర్ రాలేదు. షట్టర్ దగ్గర పడిపోయాడు.

మార్చురీ కిటికీ దగ్గర గుమస్తా నా మొహం చూడకుండా "పేరు?" అన్నాడు. షాపు యజమాని, పెద్దాయన, నా పక్కనే నిలబడి ఏడుస్తున్నాడు. ఆయనకి తెలిసిన పేరు అదొక్కటే, ఆ పేరు పెట్టే ఏడుస్తున్నాడు. నిజం చెబితే శవపెట్టె కదలదు. బాబాయి ఊరు చేరడు. పాస్‌పోర్టులో పేరే చెప్పాను, అక్షరం అక్షరం విడమరిచి. కాగితాల ప్రకారం వాళ్ళ అన్న రెండుసార్లు చనిపోయాడు, మా బాబాయి ఒక్కసారి కూడా పోలేదు. బతికున్నప్పుడు దాక్కున్న మనిషిని చచ్చాక కూడా నా చేతులతో దాచాల్సి వచ్చింది.

ఆ శుక్రవారం కూడికలో ఆయన్ని తలుచుకున్నారు. మైకు బాగుచేశాడని ఒకరు, సెలవు రోజు వచ్చి డిష్ బిగించాడని ఒకరు. జాలి సిస్టర్ లేచి, "ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదు గానీ మంచివారు" అంది. నేను లేచాను. నా పేరు, ఊరు చెప్పాను. "మా బాబాయి దగ్గర సాక్ష్యం ఉంది. ఊళ్ళో చెబుదామని దాచుకున్నారు. మంచివారు గానీ అనక్కర్లేదు, మంచివారు అంటే చాలు" అని కూర్చున్నాను. మైకు కీచుమంది. వైర్లు చూసేవాళ్ళు లేరు.

నాకు సెలవు దొరకలేదు. పెట్టె ఒక్కటే వెళ్ళింది. సమాధి దగ్గర మా తమ్ముడు ఫోన్ పట్టుకుని వీడియో కాల్‌లో చూపించాడు. వాళ్ళ అన్న సమాధి పక్కనే గొయ్యి తీశారు. పెట్టె మీద అంటించిన కాగితంలో ఉన్న పేరూ, పక్క సమాధి రాయి మీద ఉన్న పేరూ ఒకటే. ఊళ్ళో కుర్రాళ్ళు చూడనే చూశారు. "ఇదేంట్రా, ఈయన ఇక్కడ ఆల్రెడీ ఉన్నాడుగా" అన్న మాట నాకు ఫోన్లో వినపడింది. గుసగుసలు మొదలయ్యాయి. ఇన్సూరెన్స్ కోసం ఏదో చేశారని ఒకడు, లోపల ఉన్నది మనవాడో కాదో అని ఇంకొకడు.

పాస్టరు అయ్యగారు కొత్తవారు. పుస్తకం తెరిచి, "మన ప్రియ సహోదరుడు" అని, పేరు దగ్గర ఆగారు. పెట్టె చూశారు, రాయి చూశారు. "ఏ పేరు చదవమంటారమ్మా?" అని పిన్నిని అడిగారు. మగవాళ్ళంతా తలలు దించుకున్నారు. అన్నీ తెలిసిన పెద్దవాళ్ళు పక్కకి జరిగి పూలదండలు సర్దసాగారు. ఏజెంటు కథ అంతా ఇప్పుడు ఎవరు విప్పుతారు?

పిన్ని చెంగు నెత్తి మీదికి లాక్కుంది. పెట్టె దగ్గరికి వచ్చి వంగి, ఆ కాగితాన్ని గోళ్ళతో గీకింది. సగం ఊడింది, సగం ఊడలేదు.

"ఆయన కాదండీ అయ్యగారూ" అంది. "ఈయన..."

అని, పేరు చెప్పింది.

పెళ్ళయిన నాటి నుంచి పలకని పేరు. మొదటిసారి నోరు తిరగక తడబడింది. అయ్యగారు వినపడలేదన్నట్టు చూశారు. మళ్ళీ చెప్పింది. ఆ తర్వాత ఇక ఎవరికీ చెప్పడం లేదు, ఆయన్నే పిలవడం మొదలుపెట్టింది. అన్నం చల్లారిపోతోంది రమ్మని పెరట్లోకి కేకేసినట్టు, పేరు పెట్టి, గట్టిగా, ఊరందరూ వినేటట్టు. మా అమ్మ పట్టుకోబోతే చెయ్యి విదిల్చేసింది.

ఆ పేరు నేనిక్కడ రాయను. ఇప్పుడాయన్ని ఎవరూ ఏమీ చేయలేరని తెలుసు. అయినా అది పిన్ని నోటితో బయటికి రావాల్సిన పేరు, వచ్చింది.

సరిగ్గా అప్పుడే సిగ్నల్ తగ్గింది. తెర మీద పిన్ని బొమ్మ నోరు తెరిచి అలాగే ఆగిపోయింది, గొంతు మాత్రం వస్తూనే ఉంది. అలవాటు కొద్దీ నా కళ్ళు మూలకి పోయాయి. అక్కడ చిన్న గడిలో నేనున్నాను, యూనిఫాంలో, కళ్ళు వాచిపోయి. నా పెదాలు కూడా ఆ పేరే అంటున్నాయి.